సైన్ ఆఫ్ ఎప్పుడు?

పోయిన సంక్రాంతికి రేణిగుంట వెళ్లినప్పటి సంగతి. పేరుకే సెలవు, లాప్‌టాప్ మాత్రం వెంటే వచ్చింది. భోగి రోజు పొద్దున అందరూ వాకిట్లో మంట చుట్టూ ఉంటే నేను మిద్దె మీద ఫోన్ చెవిలో పెట్టుకుని "సాయంత్రంలోపు పంపిస్తా, తప్పకుండా పంపిస్తా" అంటూ అటూ ఇటూ తిరుగుతున్నా. మా పెదనాయన కింద కుర్చీలో కూర్చుని చూస్తానే ఉన్నాడు. రైల్వేలో ఫైర్‌మన్‌గా మొదలుపెట్టి డ్రైవరుగా రిటైరయిన మనిషి. నేను మెట్లు దిగి రాగానే ఒకటే ప్రశ్న అడిగాడు.

"నువ్వు సైన్ ఆఫ్ ఎప్పుడు చేస్తావు నాయనా?"

నవ్వొచ్చింది. "మాకు అట్లాంటివేం ఉండవు పెదనాయనా" అన్నా.

"సైన్ ఆన్ అన్నా ఉంటుందా?"

ఆలోచిస్తే అదీ లేదు. రాత్రి పడుకునే ముందు చివరి మెయిల్, పొద్దున కళ్లు తెరవగానే మొదటి మెయిల్. మధ్యలో ఎక్కడ డ్యూటీ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో చెప్పమంటే నాకే తెలీదు. ఆయన ఇంకేమీ అనలేదు, కాఫీ తాగడానికి లోపలికి పోయాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న ఇప్పటికీ వదల్లేదు.

మా ఆఫీసు కథ చెప్తా. ఇది చదివే వాళ్లలో సగం మందికి తమ ఆఫీసు కథలాగే అనిపిస్తుంది. మా టీములో తొమ్మిదిమందిమి ఉండేవాళ్లం. ఇద్దరు మానేశారు. ఒకావిడ ప్రసూతి సెలవు మీద వెళ్లింది. వాళ్ల స్థానంలో ఎవరూ రాలేదు. "హైరింగ్ ఫ్రీజ్ ఉంది, ఈ క్వార్టరు కొంచెం అడ్జస్ట్ అవుదాం" అన్నాడు మేనేజరు. ఆ క్వార్టరు పోయింది. ఇంకో క్వార్టరూ పోయింది. ఆరుగురం తొమ్మిదిమంది పని చేస్తున్నాం, రాత్రుళ్లు, శని, ఆదివారాలు కలుపుకుని. ఓవర్‌టైమ్ డబ్బులు లేవు, బదులు సెలవులు లేవు. ఇంకో తమాషా ఏంటంటే, మా టైమ్‌షీటులో వారానికి 40 గంటలకు మించి కొడితే సేవ్ కాదు. అంటే నేను 58 గంటలు పనిచేసినా కంపెనీ లెక్కలో ఎప్పుడూ 40 గంటల మనిషినే. మిగతా 18 గంటలు జరగనే లేదు.

నన్ను ఆ ప్రశ్న వదలకపోవడానికి కారణం ఇదే. సైన్ ఆఫ్ అనే రెండు మాటల వెనక దాదాపు నూరేళ్ల కొట్లాట ఉందని తర్వాత నిదానంగా తెలిసింది.

ముందు ఊరి గురించి. మద్రాసు నుంచి బొంబాయి వైపు మద్రాస్ రైల్వే కంపెనీ వేసిన లైను రేణిగుంట, కడప, గుంతకల్ మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చే జీఐపీ రైల్వేతో కలిసింది. ఇప్పుడు రేణిగుంటలో చెన్నై, గుంతకల్, గూడూరు, తిరుపతి లైన్లు నాలుగూ కలుస్తాయి. తిరుపతికి వచ్చే భక్తులకు అదొక జంక్షన్ పేరు, రైలు ఆగితే కిటికీలోంచి టీ తాగే చోటు. ఊళ్లో వాళ్లకి మాత్రం అది డ్యూటీ ఊరు. గార్డులు, డ్రైవర్లు, పాయింట్స్‌మెన్, గ్యాంగ్‌మెన్ ఇళ్లు. వాళ్ల ఇళ్లల్లో టైము మన టైములాగా నడవదు. పాత రోజుల్లో అర్ధరాత్రి రెండింటికి కాల్ బాయ్ సైకిలు మీద వచ్చి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. ఫలానా గంటకి ఫలానా బండికి డ్యూటీ. మనిషి షెడ్డుకి వెళ్లి రిజిస్టర్లో టైము రాసి సంతకం పెట్టేవాడు, అది సైన్ ఆన్. బండి వేరే ఊరు చేర్చి, ఇంజన్ అప్పజెప్పి మళ్లీ టైము రాసేవాడు, అది సైన్ ఆఫ్. అక్కడ రన్నింగ్ రూములో పడుకుని మళ్లీ పిలుపు కోసం చూడడం.

ఈ రెండు సంతకాల మధ్య ఎన్ని గంటలుండాలి అన్నదే గొడవంతా.

ఎనిమిది గంటల పని అనగానే మనకి 1886 చికాగో గుర్తొస్తుంది. దానికి 24 ఏళ్ల ముందే, 1862లో, హౌరాలో పన్నెండు వందలమంది రైల్వే కార్మికులు ఎనిమిది గంటల పని కావాలని పని మానేశారు. మన దేశంలో మొదటి రైలు 1853లో నడిచింది. అంటే రైలొచ్చిన తొమ్మిదేళ్లకే గంటల గొడవా వచ్చిందన్నమాట.

చట్టం మాత్రం చాలా నిదానంగా కదిలింది. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ కార్మిక సమావేశం రోజుకు 8, వారానికి 48 గంటలని ఒప్పందం రాసింది. అందులో ఇండియాకి మాత్రం ప్రత్యేకంగా వారానికి 60 గంటలు. బ్రిటిషు ప్రభుత్వం 1921లో దాన్ని ఆమోదించింది. రైల్వే చట్టంలో పనిగంటల అధ్యాయం చేర్చడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది, 1930. నిబంధనలు 1931లో వచ్చాయి. మామూలుగా ఎడతెగకుండా పని ఉండేవాళ్లకి వారానికి సగటున 60 గంటలు. మధ్యమధ్యలో పని ఉండేవాళ్లకి 84 గంటలు. అంటే ఏడు రోజులూ రోజుకి పన్నెండు గంటలు! దాటితే ఓవర్‌టైమ్, మామూలు జీతానికి ఒకటింబావు రెట్లు.

ఇందులో రెండు విషయాలు నన్ను ఆపేశాయి.

మొదటిది, "మధ్యమధ్యలో పని" అనే కేటగిరీ. చిన్న స్టేషన్లో స్టేషన్ మాస్టరు, ఊరవతల గేటు దగ్గర గేట్‌మన్ లాంటి వాళ్లు ఇందులోకి వస్తారు. రోజుకి నాలుగు బండ్లు పోతాయి, మిగతా టైమంతా ఊరికే కూర్చుంటాడు కదా, దాన్ని పనిగా ఎందుకు లెక్కపెట్టాలి అన్నది వాదన. కానీ ఆ గేట్‌మన్ గేటు వదిలి ఇంటికి పోవచ్చా? పెళ్లానికి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకుపోవచ్చా? కాసేపు నిద్రపోవచ్చా? ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఆన్‌కాల్ చేసినవాళ్లకి ఈ ప్రశ్నకి జవాబు నేను చెప్పక్కర్లేదు. ఫోన్ మోగకపోతే పనిచేయనట్టే అంటారు. ఫోన్ పక్కన పెట్టుకుని సినిమాకైనా పోలేని ఆదివారం ఎవరి ఖాతాలోకి పోతుంది?

రెండోది, 1931 నిబంధనలు అందరికీ కాదు. బండి నడిపే డ్రైవర్లూ ఫైర్‌మన్లూ, అంటే రన్నింగ్ స్టాఫ్, అందులో లేరు. మీ పని వేరే రకం, గంటలతో కొలిచేది కాదు అన్నది దాని అర్థం. బండి ఎప్పుడు చేరితే అప్పుడే డ్యూటీ దిగాలి. ఈ మాట కూడా మనకి కొత్తది కాదు. "మీరు ప్రొఫెషనల్స్, గంటలు లెక్కపెట్టే ఉద్యోగులు కాదు" అని మనకి చెప్పినప్పుడు గౌరవంలాగా వినిపిస్తుంది. నాకూ చాలా ఏళ్లు అట్లాగే వినిపించింది.

స్వాతంత్ర్యం వచ్చే ముందు రైల్వే యూనియన్ల ఒత్తిడి మీద జస్టిస్ రాజాధ్యక్షను మధ్యవర్తిగా వేశారు. ఆయన తీర్పు 1947లో వచ్చింది. పనిని రకాలుగా విడదీసి, బాగా ఒత్తిడి ఉన్నదానికి వారానికి 45, మామూలుదానికి 54, మధ్యమధ్యలో పని ఉండేదానికి 75 గంటలు అన్నాడు. రన్నింగ్ స్టాఫ్‌ని కూడా లెక్కలోకి తెచ్చాడు. ఇప్పుడున్న 1989 రైల్వే చట్టంలో కూడా అవే అంకెలు. 45, 54, 75. ఓవర్‌టైమ్ రేటు మాత్రం పెరిగి రెండు రెట్లయింది.

కాగితం మీద 54 గంటలు బానే ఉంది. కానీ అది రెండు వారాల సగటు. సగటు అంటే ఏంటో మనకి తెలుసు. ఒక రోజు 16 గంటలు చేయించి, ఇంకో రోజు తగ్గించి, మొత్తం కలిపి సరిపోయిందంటారు. బొగ్గు ఇంజన్ మీద డ్యూటీ ఒకే బిగిన సాగుతూనే ఉండేది. గూడ్సు బండి గతి ఏంటంటే, ఎక్స్‌ప్రెస్ వస్తే లూప్ లైన్లో పడాలి. ఒక ఎక్స్‌ప్రెస్ పోయాక ఇంకోటి. ఇంజన్ కదలకపోయినా పొయ్యి ఆరకూడదు, ఆవిరి తగ్గకూడదు, మనిషి దిగకూడదు. పద్నాలుగు, పదహారు గంటల డ్యూటీలు లోకో సిబ్బందికి మామూలు విషయం. ఎండాకాలంలో కడప జిల్లా లైను మీద, బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ, ముందు పొయ్యి. ఏసీలో కూర్చుని నేను నా 58 గంటల్ని దాంతో పోల్చడం లేదు. ఆ తేడా నాకు తెలుసు. పోలిక ఉన్నది శ్రమలో కాదు, లెక్కలో.

1973 ఆగస్టులో లోకో సిబ్బంది దేశవ్యాప్తంగా సమ్మెకి దిగారు. పెద్ద యూనియన్లని పక్కనబెట్టి, తమ సొంత సంఘంతో. ఆ నెలలోనే రైల్వే మంత్రి లలిత్ నారాయణ్ మిశ్రా ప్రభుత్వం, ఒకే బిగిన డ్యూటీ పది గంటలు మించకుండా దశలవారీగా అమలు చేస్తామని ఒప్పుకుంది. ఎనిమిది కాదు, పది. పన్నెండు నుంచి పదహారు గంటలు చేసేవాళ్లకి పది గంటలే పండగ.

అక్కడే అసలు చిక్కు. పది గంటల హద్దు పెట్టడానికి కాగితం, సిరా చాలు. దాన్ని అమలు చేయాలంటే మనుషులు కావాలి. ఒక సెక్షన్లో గూడ్సు బండి చేరడానికి పద్నాలుగు గంటలు పడుతుంటే, పదో గంటకి దారిలో ఇంకో జత సిబ్బంది సిద్ధంగా ఉండాలి. వాళ్లకి రన్నింగ్ రూము కావాలి, వంటవాడు కావాలి, వాళ్లలో ఎవరికైనా జ్వరమొస్తే బదులు మనిషి కావాలి. అంటే అప్పటిదాకా ఆ ఖాళీలన్నీ ఉన్నట్టే, లేనిది వాటికో పేరు మాత్రమే. ఉన్నవాళ్ల పదకొండో గంట, పన్నెండో గంట, పదహారో గంట వాటిని కప్పేశాయి.

హామీ అమలు నత్తనడకన సాగింది. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. జార్జి ఫెర్నాండెజ్ అప్పుడు రైల్వేమెన్ ఫెడరేషన్ అధ్యక్షుడు, ఆయన్ని మే 2నే అరెస్టు చేశారు. డిమాండ్లలో బోనసు, జీతాల పెంపు, క్యాజువల్ కార్మికుల్ని పర్మనెంట్ చేయడంతో పాటు ఎనిమిది గంటల పని కూడా ఉంది. దాదాపు 17 లక్షలమంది, 20 రోజులు. ప్రపంచంలోనే అతిపెద్ద సమ్మెల్లో ఒకటి. ప్రభుత్వం డీఐఆర్, మీసా చట్టాలు ప్రయోగించింది. వేలమందిని జైల్లో పెట్టారు, ఉద్యోగాలు తీసేశారు, రైల్వే క్వార్టర్ల నుంచి కుటుంబాల్ని బయటికి పంపారు. టెరిటోరియల్ ఆర్మీని పెట్టి బండ్లు నడిపించారు. మే 27న ఏ షరతూ లేకుండా సమ్మె విరమించారు. ఆ లెక్కన చూస్తే ఓడిపోయారు.

ఈ కథలో మనవాడొకడున్నాడు, చాలామందికి గుర్తుండదు. 1974 మేలో రాష్ట్రపతి వి.వి.గిరి. బరంపురంలో పుట్టిన తెలుగువాడు. 1920ల్లో అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ కట్టినవాళ్లలో ఒకడు, చాలా ఏళ్లు దానికి ప్రధాన కార్యదర్శి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల పోరాటాలు నడిపించాడు. 1954లో కేంద్ర కార్మిక మంత్రిగా ఉంటూ, బ్యాంకు ఉద్యోగుల తీర్పుని ప్రభుత్వం మార్చినందుకు రాజీనామా చేసి బయటికొచ్చాడు. అట్లాంటి మనిషి రాష్ట్రపతి భవన్లో ఉండగానే, తను కట్టిన ఫెడరేషన్ పిలిచిన సమ్మెని అణిచేశారు. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీదే నడవాలి, అది రాజ్యాంగం. అయినా ఆ ఇరవై రోజులు ఆయన మనసులో ఏం నడిచిందో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది నాకు.

ఓడిపోయిన సమ్మెకి కూడా ఫలితాలుంటాయి, ఆలస్యంగా వస్తాయి, అంతే. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక, మధు దండవతే రైల్వే మంత్రిగా ఉండగా, తీసేసినవాళ్లని మళ్లీ తీసుకున్నారు. 1979లో బోనసు వచ్చింది. పది గంటల నియమం నలిగీ నలిగీ నిలబడింది. 2016 నవంబరులో రైల్వే బోర్డు రన్నింగ్ డ్యూటీని మామూలుగా 9 గంటలకి దించుతూ ఉత్తర్వులిచ్చింది. 1862లో హౌరావాళ్లు అడిగిన ఎనిమిది ఇంకా రాలేదు, అది వేరే సంగతి.

సంక్రాంతి మూడో రోజు, కనుమనాడు, మళ్లీ పెదనాయన దగ్గర కూర్చున్నా. "డబ్బుల కోసమేనా అంత గొడవ?" అని అడిగా. ఆయన చెప్పింది నా మాటల్లో రాస్తున్నా.

ఓవర్‌టైమ్ డబ్బులు వస్తే సంతోషమే, ఇంట్లో నాలుగు రూపాయలు మిగులుతాయి. కానీ ఆ స్లిప్పుకి ఇంకో పనుంది. అది డ్రైవరు జేబులోకి వచ్చే ముందు గుమాస్తా టేబుల్ మీదికి పోతుంది. గుమాస్తా కూడి పైకి పంపుతాడు. పైన ఎవరో ఒక ఆఫీసరు, ఈ సెక్షన్లో నెలకింత ఓవర్‌టైమ్ ఎందుకవుతోంది అని అడుగుతాడు. ఇంత కట్టే బదులు ఇంకో పదిమందిని వేసుకోవచ్చు కదా అంటాడు. "గంట రాస్తేనే నాయనా ఖాళీ కనపడేది. రాయకపోతే ఆ బండి దానంతట అదే నడిచినట్టు లెక్క."

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాడు. ఓవర్‌టైమ్‌కి అలవాటు పడి, కొత్తవాళ్లు వస్తే తమ డబ్బులు తగ్గుతాయని లోలోపల గునిసినవాళ్లు కూడా ఉన్నారట. కాబట్టి ఓవర్‌టైమ్ జీతం అన్ని రోగాలకీ మందు కాదు. అది థర్మామీటరు లాంటిది. జ్వరం తగ్గించదు, కానీ జ్వరముందని చెప్తుంది. మన ఆఫీసుల్లో ఆ థర్మామీటరే లేదు. 40 దగ్గర ఆగిపోయే టైమ్‌షీటు అంటే 98.4 దగ్గర పాదరసం ఆగిపోయేలా తయారు చేసినట్టే.

ఇదేదో పాతకాలం ముచ్చట అనుకుంటారేమో, మన కళ్లముందు జరిగిన రెండు సంగతులు చెప్తా.

2024 జనవరిలో రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగాలకి నోటిఫికేషన్ ఇచ్చింది. ఖాళీలు 5,696. అదే ఏడాది జూన్ 1 నుంచి సదరన్ రైల్వేలో లోకో పైలట్లు ఒక పని చేశారు. ప్రతి డ్యూటీ తర్వాత ఇంటి దగ్గర 16 గంటల విశ్రాంతి వేరు, వారపు విశ్రాంతి 30 గంటలు వేరు, రెండూ కలిపి 46 గంటలు మాకు రావాలి అని చెప్పి, వాళ్లంతట వాళ్లే తీసుకోవడం మొదలుపెట్టారు. మొదటిదాన్ని రెండోదాంట్లో కలిపేసి లెక్కకడుతున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. మన భాషలో చెప్పాలంటే, రాత్రి నిద్రని వీకాఫ్ కింద రాయడం. జూన్ 17న బెంగాల్లో కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగింది. దాని వెనక సిగ్నల్ వ్యవహారం ఉంది, అంతా అలసట మీదికి తోసేయడం తప్పు. కానీ దేశమంతా లోకో పైలట్ల పని గురించి మాట్లాడుకున్న రోజులవి. ఆ జూన్‌లోనే అవే నోటిఫికేషన్ ఖాళీలు 5,696 నుంచి 18,799 అయ్యాయి. ఆర్నెల్లలో మూడింతలు! కొత్త లైన్లు వేసి, కొత్త ఇంజన్లు కొన్నందుకు ఆర్నెల్లలో పదమూడు వేల ఖాళీలు పుట్టుకురావు. అవి ముందునుంచీ ఉన్నవే. ఇన్నాళ్లూ వాటి బండ్లు ఎవరు నడిపినట్టు?

రెండోది ఆకాశంలో. తిరుపతి విమానాశ్రయం అంటాం గానీ అది ఉన్నది రేణిగుంటలోనే. మా ఊళ్లో పొద్దున లేస్తే పట్టాల మీద బండి చప్పుడు, పైన విమానం చప్పుడు. విమాన పైలట్ల విశ్రాంతి నియమాల్ని డీజీసీఏ 2025లో రెండు దశల్లో గట్టి చేసింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. రాత్రి ల్యాండింగులు వారానికి ఆరు నుంచి రెండుకి తగ్గాయి. రెండో దశ నవంబరు 1న అమల్లోకి వచ్చింది. డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేలకొద్దీ రద్దయ్యాయి, 5వ తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా. చివరికి నియమాలకే తాత్కాలికంగా సడలింపు ఇచ్చారు. ఆ వారం టీవీలో చాలామంది కొత్త రూల్ వల్ల విమానాలు ఆగిపోయాయన్నారు. నాకు అట్లా అనిపించలేదు. అప్పటిదాకా పైలట్ల నిద్ర మీద ఎగిరిన విమానాలు ఎన్నున్నాయో ఆ వారం బయటపడింది, అంతే. అప్పుడు లోకో పైలట్ల సంఘం కూడా అడిగింది, వాళ్లకి ఇచ్చిన విశ్రాంతి మాకెందుకు ఇవ్వరని. న్యాయమైన ప్రశ్నే.

ఇంక మన సంగతి. మనకి చట్టం లేదని చాలామంది అనుకుంటారు, నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం మన ఆఫీసులకీ వర్తిస్తుంది. రోజుకి ఎనిమిది, వారానికి 48 గంటలు దాని మూల సూత్రం. ఐటి కంపెనీలకి పనివేళల లాంటి కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వాలు మినహాయింపు ఇస్తూ వచ్చాయి. కానీ తెలంగాణ ఇచ్చిన మినహాయింపు ఉత్తర్వుల్లోనే, వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలన్న షరతు కూడా ఉంది. మినహాయింపు అందరికీ గుర్తుంది, షరతు ఎవరికీ గుర్తు లేదు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ హద్దుని 9 నుంచి 10 గంటలకి పెంచడానికి ఒప్పుకుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు, ఓవర్‌టైమ్‌కి కార్మికుడి అంగీకారం, రెట్టింపు జీతం ఉండాలంటున్నాయి. అయితే ఎవరు "కార్మికుడు", ఎవరు మేనేజర్ స్థాయి అన్న దగ్గర మళ్లీ పాత 1931 ఆట మొదలు. మీ పని వేరే రకం అంటారు. టీములో ఒక్కడు కూడా కింద లేని వాడికి లీడ్ అని పేరుపెడతారు.

ఒక మాట ఒప్పుకోవాలి. సర్వరు పడిపోయిన రాత్రి కూర్చుని లేపడం నాకు కష్టం కాదు, ఇష్టం కూడా. రిలీజు ముందు రెండు వారాలు నిద్ర తక్కువైతే ఎవరూ చచ్చిపోరు. వరదొచ్చి పట్టాలు కొట్టుకుపోతే డ్రైవరు పన్నెండో గంటలో బండి వదిలేసి పోడు, రైల్వే నియమాల్లో కూడా అట్లాంటి అత్యవసరానికి చోటుంది. అత్యవసరానికి మొదలూ చివరా ఉంటాయి. రెండు క్వార్టర్లుగా ఉన్నదాన్ని ఎమర్జెన్సీ అనరు, దాన్ని ఖాళీ అంటారు. "కొంచెం అడ్జస్ట్ అవుదాం" అన్నప్పుడు మనల్ని అడుగుతున్నది సాయం కాదు. ఆ ఖాళీని కనపడకుండా దాచిపెట్టమని. వారానికి 70 గంటలు చేయాలా, 90 చేయాలా అని పెద్దవాళ్లు 2023 నుంచీ చర్చలు చేస్తున్నారు. ఆ చర్చలో నాకు ఒకటే సందేహం. ఆ గంటలు రాస్తారా, రాయరా? రాస్తే ఎవరూ 90 అడగరు, ఖరీదు తెలిసిపోతుంది కాబట్టి.

పండగ నుంచి వచ్చాక నేను చేసింది పెద్ద విప్లవమేం కాదు. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచా. రెండు కాలమ్‌లు, సైన్ ఆన్, సైన్ ఆఫ్. మధ్యాహ్నం పిల్లని బడి నుంచి తెచ్చిన అరగంట కూడా తీసేసి, ఉన్నది ఉన్నట్టు రాశా. మిగతా ఐదుగురికీ చెప్పా, ఇద్దరు నవ్వారు, తర్వాత వాళ్లూ రాశారు. నాలుగు వారాలు రాశాక ఒక వారం లెక్క ఇట్లా తేలింది. ఆరుగురం కలిపి 40 దాటి చేసినవి 104 గంటలు. నలభైతో భాగిస్తే రెండు పాయింట్ ఆరు మంది. మా దగ్గర్నుంచి పోయినవాళ్లు ముగ్గురు.

అది మెయిల్లో పెట్టి మేనేజరుకి పంపా. కోపం లేదు, డిమాండ్ లేదు, టేబుల్ ఒకటీ, కింద ఒక వాక్యం. "ఈ 104 గంటలకి టైమ్‌షీటులో ఏ కోడ్ వాడాలో చెప్పగలరా?" అని. రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు కాఫీ మిషను దగ్గర పట్టుకుని, ఇట్లాంటివి మెయిల్లో ఎందుకు, మాట్లాడుకుంటే పోయేది కదా అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది, ఆయనకీ పైన ఒకరున్నారు, ఆయన గంటలూ ఎవరూ రాయడం లేదు. తర్వాతి వారం అదే టేబుల్‌ని తన పైవాళ్లకి పంపి, రెండు పోస్టులు అడిగాడని తెలిసింది. ఒకటి వచ్చింది. ఇంకోటి ఇంకా "ప్రాసెస్‌లో" ఉంది. శనివారాలు పోయాయి, ఆదివారాలు ఇంకా అప్పుడప్పుడూ ఉన్నాయి. గెలిచానని చెప్పను.

మొన్న ఆదివారం పెదనాయనకి ఫోన్ చేశా. ఇదంతా చెప్తే శ్రద్ధగా విన్నాడు. ఒకటి వచ్చిందంటే సంతోషపడ్డాడు. ఫోన్ పెట్టేముందు అడిగాడు.

"ఇప్పుడు ఎన్నింటికి సైన్ ఆఫ్?"

"ఏడున్నరకి పెదనాయనా."

"రాసినావా?"

రాశానని చెప్పా.